మూట మీద కూర్చోబెట్టిన పాప

అక్కకు,

నీ చెల్లెలు నాగమణి నమస్కారాలు. ఎలా ఉన్నావు? బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? కోడలు లేచి తిరుగుతోందా? ఇక్కడ మేం బాగానే ఉన్నాం, బెంగపెట్టుకోకు. ఫోన్ మోగితేనే ఈయన ఉలిక్కిపడుతున్నారు. అందుకే దాన్ని ఆపేసి ఉత్తరం రాస్తున్నాను.

మనవడి బారసాలకు మరిదిని తప్పకుండా తీసుకురమ్మని కబురు చేశావు. ఆ సంగతే రాద్దామని కూర్చున్నాను.

ఊరొదిలి వచ్చిపడ్డ ఈ వన్ టౌన్‌లో ఎండ, దుమ్ము, ఆటోల గోల. గదిలో గాలి ఆడదు. ఆయనకు బట్టల గోడౌన్‌లో చీరలు మడతపెట్టే పని దొరికింది. నేను చీరలకు ఫాల్స్ కుడుతున్నాను. తిండికి లోటు లేదు గానీ నోటికి రుచి లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండు మెత్తళ్ళు పంపు.

అసలేం జరిగిందో ఎవరూ సరిగ్గా చెప్పలేదన్నావు. ఆయన నేత చీరల మూటతో చల్లపల్లి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవారు కదా. మూట విప్పగానే ఆ ఇంటి పసిబిడ్డను చీరల మీద కూర్చోబెట్టి, ఆ తర్వాతే బేరం. బిడ్డ నవ్వితే బోణీ బాగుంటుందని మా మామగారు నేర్పిన అలవాటు. ఎప్పుడూ మా దగ్గరే చీరలు కొనే మరియమ్మగారి మనవరాలినీ అలాగే కూర్చోబెట్టారు. ఎవడో రోడ్డు మీద నుంచి ఫోన్‌లో వీడియో తీశాడు. పాపను ఎత్తి మూటలో పెట్టేంతవరకే ఉంచి, పిల్లల్ని మూటగట్టుకుపోయే దొంగ అని రాసి వదిలాడు. సాయంత్రానికల్లా అది అందరి ఫోన్లలోకీ వెళ్ళింది. మన వీధి గ్రూపులోకీ వచ్చిందట కదక్కా. వీపు తప్ప మొహం కనపడదు, మనవాళ్ళే పోల్చుకోలేదు.

మర్నాడు పక్క ఊళ్ళో ఆయన మూట విప్పి, అరుగు మీద పాకుతున్న పిల్లాడిని ఎత్తారు. తల్లి కేకపెట్టింది. అంతే, ఊరు ఊరంతా మీద పడింది. చెయ్యి విరిగింది. ఎడమ చెవి ఇప్పటికీ వినపడదు. ఆయన దగ్గర పెళ్ళి చీరలు కొన్నవాళ్ళే కొట్టారక్కా! మరియమ్మగారు ఆసుపత్రికొచ్చి, "ఆ పాప మా పాపేనండీ, మా గుమ్మంలోనే కూర్చోబెట్టారండీ. ఎంతమందికి చెప్పినా వినరేంటండీ" అని ఒకటే ఏడుపు.

నేను వాళ్ళను తిడుతుంటే ఈయన, "తిట్టమాకే. బిడ్డల తల్లులు, భయపడిపోయారు. ఆ వీడియో చూస్తే నేనైనా నమ్మేవాణ్ణి" అంటారు. నాకు మాత్రం కడుపు మండిపోతోంది.

మొన్న మరియమ్మగారు వచ్చి చెప్పింది. ఆ ఊళ్ళల్లో గాజులమ్మే ముసలావిడనూ రానివ్వడం లేదట. దాహం అడిగితే తలుపులేసుకుంటున్నారట. పిల్లల్ని వీధిలో ఆడుకోనివ్వరట. వీడియో అబద్ధమని తెలిశాక కూడా! దెబ్బలు ఈయన ఒక్కరికే తగిలాయి గానీ, అన్ని ఊళ్ళూ పాడైపోయాయక్కా.

మాకు పిల్లల్లేరు. ఆయన ఎవరి బిడ్డ కనపడినా ఎత్తుకోకుండా ఉండలేని మనిషని నీకు తెలుసు. మొన్న ఆదివారం ఇంటివాళ్ళ పాప, ఇప్పుడిప్పుడే నడక నేర్చింది, రెండు చేతులూ చాచి ఆయన దగ్గరకు వచ్చింది. ఈయన చేతులు వెనక్కి పెట్టేసుకుని గోడకు అతుక్కుపోయారు. "పాపని తీసుకెళ్ళండమ్మా, ఎవరన్నా తీసుకెళ్ళండి" అని అరిచారు. పాప బెదిరి ఏడ్చింది. నేను వెళ్ళి ఎత్తుకున్నాను.

బారసాల మాట చెప్పాను. "వెళితే బిడ్డని నా చేతికిస్తారు. అక్కడ ఎవరి చేతిలోనన్నా ఫోన్ ఉంటుందే" అన్నారు. రాలేమక్కా, మరోలా అనుకోకు.

బావగారికి, పిన్నికి నా నమస్కారాలు చెప్పు. మీ దీవెనలు ఆయనకు కావాలి. మనవడిని మా ఇద్దరి తరఫునా నువ్వే ఎత్తుకో.

ఇట్లు
నీ చెల్లెలు
నాగమణి