కుడివైపు డై చేరలేదు

మార్చి 3

మామగారు షాపులో పడిపోయారు. కూర్చున్న స్టూలు మీంచే. తలనొప్పి, వాంతులు. స్కాన్‌లో చిన్నమెదడు దగ్గర కాస్త రక్తం కనిపించింది. నలభై ఏళ్ళుగా చేతిగడియారాలు బాగుచేస్తున్న మనిషి. అంబులెన్సులో కూడా రిపేరుకిచ్చినవాళ్ళు తిట్టుకుంటారనే బెంగ.

మార్చి 4

యాంజియోగ్రామ్ మా ల్యాబ్‌లోనే తీశారు. సొంతవాళ్ళ కేసు కదా, పక్కకు తప్పుకోమన్నారు. నేను వినలేదు. పద్నాలుగేళ్ళుగా టెక్నీషియన్‌ని, ఆ కన్సోల్ నాది.

మెడలో ఎడమ నాళంలోకి డై, అంటే ఫిల్ములో నల్లగా కనిపించే మందు, వదిలారు. పైకా మీద కందిగింజంత బుడగ, రక్తం కారింది దాన్నుంచే. పైకా అంటే చిన్నమెదడు కింది భాగానికి రక్తం తీసుకెళ్ళే నాళం. అందరికీ ఎడమ ఒకటి, కుడి ఒకటి. మా దగ్గర ఒక పద్ధతుంది. ఒక పక్క డై వదిలితే చాలు, అది పొంగి రెండో పక్కకీ దిగుతుంది, అక్కడి పైకా కూడా కనిపిస్తుంది. కనిపించకపోతే ‘డై చేరలేదు’ అని రాసి తర్వాతి కేసు చూసుకుంటాం. మామగారికి కుడిది కనిపించలేదు. అదే రాశాను.

ఎల్లుండి కాయిల్స్, అంటే సన్నటి తీగచుట్టలు, పెట్టి బుడగతో పాటు ఆ నాళాన్నీ మూసేస్తారట. కొన్నాళ్ళు నడకలో తూలడం ఉంటుంది, సర్దుకుంటుంది అన్నారట పెద్ద డాక్టరు. మరి చేతుల సంగతేంటని మా ఆయన అడిగారట. అవీ సర్దుకుంటాయన్నారట.

మార్చి 5, ఉదయం 7.10

కుడి పక్క కూడా నల్లబడింది!

మార్చి 5, టీ టైమ్

పొద్దున రాసింది చూస్తే నాకే పిచ్చిరాతలా ఉంది. వివరంగా రాస్తాను.

డ్యూటీకి ముందే వెళ్ళి ఫిల్ము మళ్ళీ నడిపాను. నాళాలు మాయమయ్యాక వచ్చే చివరి ఫ్రేములు మేమెవరమూ చూడం. చూశాను. చిన్నమెదడు రెండు సగాలూ డైతో నల్లబడ్డాయి. చేరలేదని నేను రాసిన చోటికి అదెలా వెళ్ళింది?

ఒక్కొక్క ఫ్రేమే వెనక్కి జరిపాను. ఎడమ పైకా నుంచి వెంట్రుకలాంటి కొమ్మ ఒకటి నడిమధ్య గీత దాటి కుడివైపంతా పరుచుకుంది. డెబ్బై ఏళ్ళుగా ఆ ఒక్క నాళమే రెండిళ్ళ సంసారం ఈదుకొస్తోంది, ఎవరికీ చెప్పకుండా. దణ్ణం పెట్టాలనిపించింది, ఎవరికో తెలియదు.

భయం ఆ తర్వాత వచ్చింది. అది మూస్తే రెండు పక్కలూ పోతాయి.

డాక్టరుకి చెబితే సొంతవాళ్ళ కేసులో కంగారు మామూలే అన్నారు. నేను రాసిన లైను చూపించి, అది తప్పు, అలవాటుగా రాసేశాను అన్నాను. ఫిల్ము మూడుసార్లు చూశారు. రేపు కుడి పక్క కూడా డై వదులుదామన్నారు.

మార్చి 6

కుడి పైకా లేదు. పుట్టుకతోనే లేదు. జూనియర్లందరూ పెళ్ళికూతుర్ని చూడ్డానికొచ్చినట్టు స్క్రీను చుట్టూ మూగారు.

మూయడం మానేశారు. తల తెరిచి బుడగ మెడకు మాత్రం క్లిప్పు పెడతారు. రిస్కు ఎక్కువే.

ఆశ్చర్యపోతారనుకుని మామగారికి అంతా చెప్పాను.

“ఇందులో వింతేముందమ్మా? రెండు ముళ్ళూ తిరిగేది ఒక్క స్ప్రింగు మీదేగా. దాన్ని తెంపొద్దని చెప్పు మీ డాక్టరుకి.”

మార్చి 8

ఆరు గంటలు పట్టింది. ప్రాణం ఉంది. చేతుల సంగతి ఇంకా తెలియదు.

మార్చి 11

వేలితో ముక్కు తాకమన్నారు. మొదటిసారి చెంపకు తగిలింది. తప్పు ముక్కుదే అన్నారు మామగారు. నవ్వలేక బయటికొచ్చి ఏడ్చాను.

మార్చి 23

పాత డిస్కులు తీశాను. పద్నాలుగేళ్ళ ‘డై చేరలేదు’లు. ఇన్నాళ్ళూ గుడ్డెద్దు చేలో పడ్డట్టు చేశానా ఈ పని! రోజూ లంచ్‌లో పది చూస్తున్నాను, చివరి ఫ్రేముల నుంచి.

ఏప్రిల్ 19

మామగారు ఇవాళ నా గడియారం విప్పారు. ఆవగింజలో సగముండే స్క్రూని మొదటిసారికే దాని చోట పెట్టేశారు.

మధ్యాహ్నం డిస్కుల్లో మామగారిలాంటివాళ్ళు ఇంకొకరు దొరికారు. తొమ్మిదేళ్ళ కిందటి కేసు, బస్సు కండక్టరు. ఈవిడకు కొమ్మ కుడి నుంచి ఎడమకు దాటింది. ఈ పాటికి ఏ బస్సులోనో కమ్మీ పట్టుకోకుండా నిలబడి టికెట్లు కొడుతూ ఉంటుంది. ఆవిడకు తెలియదు.