రెండూ కొక్కే

2019 ఏప్రిల్ 6, శనివారం

ఒళ్లు మండిపోతోంది. పద్దెనిమిదేళ్లు అత్తగారింట్లో, ఆవిడ ఎంచిన గోధుమరంగు గోడల మధ్య వండాను. ఇన్నాళ్లకి నారిన్ ఊళ్లో మాకంటూ రెండు గదుల ఇల్లు వచ్చింది. వంటింటి గోడ ఒక్కటీ నాకు నచ్చిన రంగు వేసుకుంటానన్నాను. కొక్ పెయింట్ పట్టుకురమ్మని మొగుడికి చెప్పి పోస్టాఫీసు డ్యూటీకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి సగం గోడ ఆకుపచ్చ!

నిజమే, మా కిర్గిజ్ భాషలో ఆకాశమూ కొక్కే, గడ్డీ కొక్కే. కానీ గోడకి కొక్ అంటే నీలం కాక మరేమిటి? మా అమ్మ కిటికీలన్నీ నీలమే. ఈయనకి గడ్డి గుర్తొచ్చిందట. గుర్రాలు కాసిన వంశం కదా, గడ్డే గుర్తొస్తుంది.

అదే రోజు, సాయంత్రం 7

మా ఆడవాళ్లు భర్త పేరు నోటితో పలకకూడదు. రాయకూడదని ఎవరూ చెప్పలేదు. కుబత్. కుబత్. కుబత్‌కి బుద్ధి లేదు.

ఏప్రిల్ 7

నేనే వెళ్లి నీలం డబ్బా తెచ్చాను. ఆకుపచ్చ పక్కనే జానెడు మేర పూసి, రెండూ చూడమన్నాను. చూశాడు. రెండూ కొక్కే కదే, దీనికింత రాద్ధాంతమా అన్నాడు. పైగా ఆకుపచ్చ మీద నూనె మరకలు కనపడవట. ఈ మనిషి ఏనాడు మరక తుడిచాడని!

ఆరు నెలలు మంచు తప్ప ఇంకేం కనపడని ఊరు. పిండి కలుపుతూ తలెత్తితే కాస్త ఆకాశం కనపడాలనుకున్నాను. అదీ ఎక్కువేనా?

ఏప్రిల్ 9

అత్తగారు టీకి వచ్చారు. గోడ చూసి, నా కొడుకు వేసిందే ఉంచెయ్యమ్మా, కోడలి చెయ్యి పిండిలో ఉండాలి గానీ పెయింటులో ఏమిటి అన్నారు. టీ గిన్నె అంచుదాకా నింపి ఇచ్చాను. మాలో నిండా పోస్తే ఇక దయచెయ్యమని అర్థం. ఆవిడ ముఖం కందగడ్డ అయింది. అవనీ.

ఏప్రిల్ 10

డ్యూటీ నుంచి వచ్చేసరికి గోడంతా ఆకుపచ్చ. నా జానెడు నీలం కూడా లేదు. కూర్చుని ఏడ్చాను.

ఏప్రిల్ 13

ఆయన పాత కారు తలుపు గీసుకుపోయింది. ఆకుపచ్చ కారు. దాన్ని పిల్లాడిలా చూసుకుంటాడు. రేపు పక్కింటివాళ్ల లారీలో గొర్రెల సంతకి వెళ్తున్నాడు. ఆ తలుపుకి కాస్త కొక్ పూసిపెట్టవే అన్నాడు.

కొక్ అన్నాడు. తన నోటితోనే. డబ్బా కొనక్కర్లేదు, ఇంట్లోనే ఉంది.

ఏప్రిల్ 14, మధ్యాహ్నం

సంత నుంచి వచ్చి తలుపు చూసి గుండె పట్టుకున్నాడు. ఏమిటే ఇది, నా కారుని జోకర్ని చేశావు, ఇది నీలం కదే అని వీధంతా వినపడేలా అరిచాడు. ఆహా, తేడా తెలుసన్నమాట! రెండూ కొక్కే కదండీ, దీనికింత రాద్ధాంతమా అన్నాను.

ఏప్రిల్ 17

కుబత్ పెయింట్ షాపు నుంచి ఫోన్ చేశాడు. వంటింటికి ఏ కొక్ అని అడిగాడు.