తెగని తీగ

చిరంజీవి మా పెద్దాడికి నాన్న దీవెనలు. ఇక్కడ అమ్మా, చెల్లీ, నేనూ కులాసా. నువ్వూ, నీ కింద ఉన్న కుర్రాళ్లూ ఆ చలిలో ఒళ్లు జాగ్రత్తగా చూసుకుంటున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. నేను మింగేదాకా అమ్మ ఎదురుగా నిలబడి కదలదు. రిటైరయ్యాక పొద్దెలా పోతోందన్నావు. మొదటి వారం వంటింటి డబ్బాలన్నిటినీ ఎత్తు ప్రకారం వరసలో నిలబెట్టాను. "మీ సైనికులు ఊరుకున్నారేమో గానీ నేను ఊరుకోను. ఎక్కడివక్కడ పెట్టేసి బయటికి నడవండి" అంది అమ్మ. నడిచాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, నాకది తిరగబడింది.

అకాడమీ సంగతీ అడిగావు. కొత్త తరగతి గదికి నా పేరు పెడతారట. నా కొండ పాఠం ఇప్పటికీ చెబుతున్నారట. నువ్వూ చదివిందే కదా: శత్రువు మూడు వైపులా ఉన్నాడు, టెలిఫోను తీగ తెగింది, పైనుంచి ఆదేశం లేదు, అయినా ఇరవై రెండేళ్ల లెఫ్టినెంటు కొండ వదల్లేదు.

నీ ఉత్తరం చివర ఒక మాట రాశావు: "ఎవరు దిగమన్నా నేనీ కొండ దిగను నాన్నా, మీ కొడుకుని కదా." చెల్లి పైకి చదివింది, అమ్మ మురిసిపోయింది. నాకు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. 

ఒరే నాన్నా, ఆ తీగ తెగలేదు.

మధ్యాహ్నం రెండింటికి ఫోను మోగింది. కల్నల్ గొంతు స్పష్టంగా వినబడింది. "ఆ కొండ మనకిక అక్కర్లేదు, వెంటనే అందరినీ దింపెయ్, మన ఫిరంగులు కాపు కాస్తాయి" అన్నాడు. దిగే దారిలో వంద గజాల బోడి రాతినేల ఉంది. పొద్దున అక్కడే మావాడొకడు కాలికి తూటా తగిలి అరిచాడు. అది తలచుకుంటే బయటికి అడుగు పెట్టాలనిపించలేదు. మేం తవ్వుకున్న గోతిలో ఉంటే చాలనిపించింది. "వినబడటం లేదు సార్" అని ఫోను పెట్టేశాను. మళ్లీ మోగింది. తీగ నేనే పీకేశాను.

పక్కనే టెలిఫోను సైనికుడున్నాడు, నాకన్నా ఇరవయ్యేళ్లు పెద్దవాడు. "భయం అందరికీ ఉంటుంది సార్. నేను ముందు నడుస్తా, నా వెనకే వచ్చెయ్యండి" అన్నాడు. నోరు మూసుకోమన్నాను. సాయంత్రం గోతి మీద గుండు పడి ఇద్దరు పోయారు. ఒకడు మా వంటవాడు, ఇంకొకడికి పెళ్లయి నెల. తెల్లారేసరికి శత్రువు తనంతట తనే వెళ్లిపోయాడు. గెలిచామన్నారు. విచారణలో ఆ పెద్దమనిషి "తీగ తెగిందండి" అని చెప్పాడు. ఎందుకలా చెప్పావంటే, "మీరింకా చిన్నవాళ్లు, నేర్చుకుంటారు లెండి" అన్నాడు.

నేర్చుకున్నాను. తర్వాత ముప్ఫై ఎనిమిదేళ్లలో అక్కర్లేని చోట ఒక్క మనిషినీ నిలబెట్టలేదు. వెనకడుగు జనరల్ అని చాటుగా వెక్కిరిస్తే పడ్డాను. ఆ కొండకని నాకిచ్చిన పతకం మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఇచ్చేద్దామనుకునేవాణ్ణి, ఈలోగా ప్రమోషన్ వచ్చేది. ఆ ఇద్దరి ఇళ్లకీ నేనే వెళ్లి వీరమరణమని చెప్పాను. వంటవాడి తల్లి నా చేతులు కళ్లకద్దుకుంది. ఆ సిగ్గు ఇవాళ్టికీ భరించలేకపోతున్నాను.

నిన్న అకాడమీకి వెళ్లి, ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టి ఇచ్చాను. అక్కడి కమాండెంటు ఒకప్పుడు నా దగ్గర మేజరు. "ఇప్పుడెందుకు సార్, పుస్తకంలో బాగానే ఉందిగా" అన్నాడు. మావాడు ఆ పుస్తకం చదివాడని చెప్పాను. అమ్మకీ చెప్పాను.  "ముందు వాడికి రాయండి. మన సంగతి తర్వాత చూద్దాం" అంది.

నీకు ఆర్డరివ్వడానికి ఇప్పుడు నాకు అధికారం లేదు, అడుగుతున్నాను. నిలబడమంటే నిలబడు, దానికి నేను అడ్డు చెప్పను. దిగమన్న రోజున మాత్రం నీవాళ్లందరినీ తీసుకుని దిగిరా. నా కొడుకువని నిలబడకు. ఎవడైనా నిన్ను పిరికివాడంటే, మా ఇంట్లో ఆ పేరు నాన్నది, నాది కాదని చెప్పు.

ఇట్లు,
నీ జవాబు వచ్చేదాకా నిద్రపట్టని
నాన్న