పళ్లెం, గరిటె

మమతా,

ఇవాళ మీ మరాఠీ బడికి చెవులు పరీక్షించే డాక్టరమ్మ వచ్చింది. నేనింకా అక్కడే పిల్లలకు ఖిచిడీ వండుతున్నాను. ఒకటో తరగతిలో కొత్తగా చేరిన పిల్ల, మన వీధి రాజయ్య మనవరాలు, నీలాగే నోరు విప్పదు. "తెలుగోళ్ల పిల్లనాయె, మరాఠీ సమజ్ గాక గట్ల కూసుంటది" అంది నాతో వండే పోశవ్వ. నీ గురించీ అందరూ అదే అన్నారు. ఇంట్లో పిలిస్తే పలకనప్పుడు మాత్రం మీ నాయనమ్మ "మొండిది" అనేది.

డాక్టరమ్మ నా దగ్గర పళ్లెం, గరిటె అడిగి తీసుకుని, ఆ పిల్ల వెనక నిలబడి గట్టిగా కొట్టింది. మిగతా పిల్లలు ఉలిక్కిపడ్డారు. ఆ పిల్ల పలక మీద గీతలు గీస్తూనే ఉంది. దీనికి వినబడదు, ఏ భాషైనా ఒకటేనని డాక్టరమ్మ చెప్పింది. టీచరు వెంటనే ఆ పిల్లను ముందు వరసలోకి మార్చింది.

పళ్లెం, గరిటె. రోజూ నా చేతిలో ఉండేవే.

నిన్ను గుద్దిన బొగ్గు లారీ డ్రైవరు పోలీసుల ముందు ఏడ్చాడు. హారన్ కొడుతూనే ఉన్నానన్నాడు. మీ నాన్న అతని కాలరు పట్టుకున్నాడు. ఊళ్లో ఎవరూ నమ్మలేదు.

నేనివాళ నమ్మాను, బిడ్డా.

అమ్మ