చీకట్లో నేసిన పసుపు పట్టీ

ఏమయ్యా,

నేను ఆదోనికి అక్క వాళ్లింటికి పోతున్నాను, రేపు పొద్దున వచ్చేస్తా. జొన్నరొట్టెలు డబ్బాలో పెట్టినాను. పప్పు వేడి చేసుకుని, నువ్వూ చైత్రా ఎనిమిదిలోపలే తినేయండి. ఎందుకంటే భూమి వేడెక్కిపోతోందని, ఎనిమిదిన్నర నుంచి గంటసేపు మన వీధంతా లైట్లు ఆర్పుతున్నారు. ఇంటింటికీ తిరిగి అందరినీ ఒప్పించింది మన చైత్రే. మనింట్లోనే లైటు వెలిగితే ఆ పిల్ల బడిలో తలెత్తుకోలేదు.

లైట్లు మాత్రమే ఆర్పు, మెయిన్ తీయొద్దు. ఫ్రిజ్‌లో పాలున్నాయి.

ఆ గంటసేపు మగ్గం ముట్టుకోకుండా అరుగు మీద కూర్చో. పోయిన ఏడాది లైట్లయితే ఆర్పినావు గానీ, నేయడం ఆపలేదు. "నా చేతులకు కండ్లుండాయి, నువ్వు పోవే" అన్నావు. దారం అయిపోతే తడుముకుని, ఆకుపచ్చ కండె అనుకుని పసుపు కండె పెట్టినావు. లైటు వేసి చూస్తే ఆకుపచ్చ చీర నడుమ జానెడు పసుపు పట్టీ! ఎవరూ కొనకపోతే అది నాకు దక్కింది. పెళ్లయిన పదహారేళ్లలో నువ్వు నేసిన చీర నేను కట్టింది అదొక్కటే. ఇప్పుడూ అదే కట్టుకుని పోతున్నా.

నాగవేణి

ఇంకో మాట. అక్క ఈ చీర ఫోటో చూసి, అదే డిజైను తనకూ కావాలంటోంది. అది పొరపాటున పడిందని నేను చెప్పలేదు. వెలుతుర్లో ఆ పట్టీ నేయడం నీకు వస్తుందా?