ఊపిరి కూడా గట్టిగా తియ్యకు

బాల్టిమోర్, ఆదివారం

వర్లీన్ అక్కా,

ఒంట్లో పేరుకున్న భయాన్ని వదిలించే చికిత్స ఉందన్నావే, దానికి వెళ్లాను. "కళ్లు మూసుకుని ఒంటిని గమనించు" అంది చికిత్స చేసే ఆవిడ. మూసుకోగానే, పోయినేడాది పోలీసులు మన తమ్ముణ్ణి కారులోంచి ఈడ్చిన రోజే కనబడింది. గుండె దడతో తలుపు దాకా పరిగెత్తాను.

ఆవిడా మన నల్లవాళ్ల మనిషే. "కళ్లు తెరిచే ఉంచు తల్లీ, తలుపు వంకే చూడు. పాదాలు నేలకు ఆనుతున్నాయా?" అంది. ఆనుతున్నాయి. ఆ రోజు తర్వాత, ఇన్నాళ్లకు మొదటిసారి ఊపిరి కడుపు దాకా వెళ్లింది. అక్కడే కూలబడి ఏడ్చాను.

ఇంటికొస్తే మా జొనెల్, "అమ్మా, డ్రైవింగ్ లైసెన్సు వచ్చేసింది!" అని గంతులేసింది. నేనేమో, "పోలీసు ఆపితే చేతులు స్టీరింగ్ మీదే ఉంచు, కదలకు, ఊపిరి కూడా గట్టిగా తియ్యకు" అన్నాను. పిల్ల భుజాలు బిగుసుకుపోయాయి, అచ్చం నాలాగే.

ఆ మాట వెనక్కి తీసుకోలేనక్కా, అది దాని ప్రాణం కాపాడొచ్చు. మంగళవారం ఆవిడ దగ్గరికి దాన్నీ వెంటబెట్టుకెళ్తున్నాను.

నీ చెల్లెలు