మామిడిపండు బొమ్మ ఉన్న రెండో సీసా

కల్లూరు,
2-4-2009

శ్రీయుత ఫుడ్ ఇన్‌స్పెక్టర్ గారి సముఖమునకు, కల్లూరులో కిరాణా, ఎసెన్సుల అంగడి పెట్టుకొని బతుకుచున్న కొత్తమాసు పెద్దసుబ్బయ్య వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నాచే పొరపాటున మింగబడిన ద్రవము – దానికి జతయైన రెండవ సీసా కనిపించకుండుట – తక్షణమే వెతికించి స్వాధీనపరచుకొనుట గురించి.

1. నేను ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ వ్యాపారంలో ఉన్నాను. నాలుక మీద వేసి చూడనిదే ఏ ఎసెన్సునూ అమ్మి ఎరుగను. మా నాయన నేర్పిన పద్ధతి ఇది. సీసా మీది కాగితాన్ని ఆయనా నమ్మలేదు, నేనూ నమ్మను.

2. గత నెల 28వ తేదీ, అనగా ఉగాది మరునాటి ఉదయం, గల్లాపెట్టె పక్కన బొటనవేలంత సీసా ఒకటి కనిపించినది. మీద మామిడిపండు బొమ్మ, చైనా అక్షరాలు. ఎసెన్సు కంపెనీవాళ్ళు శాంపిలు పెట్టిపోయినారని భావించితిని. వాసన పలుచగా ఉన్నందున చుక్కకు బదులు అర మూత పోసుకొని మింగితిని. గొంతు మండినది. నోట్లో నీళ్ళు ఊరి ఊరి కారినవి. ఆపై వాంతులు, చెమటలు, చేతుల వణుకు. గుండె పిండిమర మాదిరి కొట్టుకొన్నది. అయ్యా, చచ్చిపోతానని భయపడ్డాను. ఇది వ్రాయడానికి నాకు సిగ్గు లేదు.

3. నా భార్య కన్యకమ్మ ఉప్పునీళ్ళు తాపి మరింత కక్కించి, ఆటోలో ఆస్పత్రికి చేర్చినది. అక్కడి డాక్టరమ్మ ముందు ఆమెనే కోప్పడినది. "కక్కించే పని మీరు పెట్టుకోకూడదమ్మా. సీసా చేతపట్టుకొని వెంటనే రావాలి, అంతే" అని, సీసా అడుగున ఉన్న సన్న ఇంగ్లీషు అక్షరాలు చదివి, "ఇది నికోటిన్. పొగాకులో ఉండే విషం. పెద్దాయన, పైగా అర మూతే మింగారు కాబట్టి బయటపడ్డారు. చిన్నపిల్లలైతే ఒక్క గుక్కకే ప్రాణం మీదికొస్తుంది" అన్నది. ఒక రోజంతా సెలైను పెట్టి ఉంచినారు.

4. విచారించగా ఆ సీసా నా భార్య తమ్ముడు, సెల్‌ఫోన్ల వ్యాపారి వాసుదేవ్‌ది అని తేలినది. అతడు మద్రాసు నుంచి బ్యాటరీతో పొగ వచ్చే సిగరెట్టు ఒకటి తెచ్చుకొన్నాడు. చూడ్డానికి పెన్ను. దానిలో పోసే మందట ఇది. నిలదీయగా అతడిట్లన్నాడు: "అది పొగ పీల్చేదానికి బావా! నువ్వు నోట్లో పోసుకుంటావని నాకేం తెలుసు? పండగ ముందురోజు నీ అంగట్లో మర్చిపోయినా. రెండు సీసాలు పెట్టినా. రెండోది యాడ?" నా అంగడికి అడ్డుగోడ కట్టి సగం తనకిమ్మని రెండేళ్ళుగా అడుగుతున్న మనిషి, సరిగ్గా నా అంగట్లోనే మర్చిపోయినాడట. తమరే ఆలోచించవలెను.

5. రెండవ సీసా విషయమై ఎదుటి అంగడి గోపన్న మీద నాకు గట్టి అనుమానం. పండగనాడు తూకం రాళ్ళకని వచ్చి గల్లాపెట్టె దగ్గర చాలాసేపు నిలబడినాడు. నేను ఆస్పత్రిలో ఉండగా పలకరించడానికి రాలేదు. వచ్చి ఉంటే ఇంకా అనుమానించేవాడిని.

6. కన్యకమ్మ తమ్ముడి పక్షమే మాట్లాడుచున్నది. అందువల్ల మజ్జిగ కూడా ముందు ఆమె చేత తాగించి తాగుచున్నాను. "తాగి సూపిస్తాండా, సూడు. నీకు ఉత్త లోటానే మిగుల్తాది" అని ఆమె అన్నమాట కూడా తమ దృష్టికి తెచ్చుచున్నాను.

7. అయ్యా, నా గొడవ అట్లుంచండి. ఆ రెండో సీసా ఇప్పుడు ఎవరి వంటింట్లోనో ఏలకుల డబ్బా పక్కన ఉంటుంది. ఏ తల్లో బొమ్మ చూసి పిల్లల పాలలో పోస్తుంది. ఆ మాట తలచుకొంటే నాకు అన్నం దిగడం లేదు.

కావున గోపన్న అంగడి, వాసుదేవ్ ఇల్లు, అవసరమైతే నా వంటిల్లు సైతం సోదా చేయించి, ఆ సీసా ఎవరి నోటికీ చేరకముందే పట్టించవలెనని మనవి. ఆలస్యం చేయక చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఇంకా గంజి మీదనే ఉన్న
కొత్తమాసు పెద్దసుబ్బయ్య

తా.క. అయ్యా, ఇది తమ ఇంటి గేటు దగ్గర నిలబడి కాగితం వెనక రాస్తున్నాను. తమ వాచ్‌మన్ చిన్న ఈరన్న నన్ను చూసి, "ఏం శెట్టీ, పండగపొద్దు నువ్విచ్చిన బుట్టలో మామిడి ఎసెన్సు సీసా శానా బాగుండాదంట. పాప పుట్టినరోజని ఈ పొద్దు పాయసంలో పోస్తాండారు అమ్మగారు" అన్నాడు. ఏటా తమకు పంపే బెల్లం, జీడిపప్పు బుట్టలో పైన గల్లాపెట్టె దగ్గర ఏది చేతికందితే అది ఒకటి వేస్తాను. అమ్మే సరుకు రుచి చూస్తాను గానీ ఊరికే ఇచ్చేది ఏనాడూ చూడలేదు. గోపన్న కాదు, వాసుదేవ్ కాదు. నేనే ఇచ్చాను. ఈరన్నకు చెబితే, "ఇచ్చింది మళ్ళా ఎనక్కి అడుగుతాండావా?" అని అనుమానంగా చూస్తున్నాడు. లోపలికి వదలడు, అర్జీ అయితే ఇస్తాడట. గేటు దగ్గర అరుస్తున్నది నేనే. ఈ కాగితం తర్వాత చదవండి, ముందు పాప చేతిలో గిన్నె తీసుకోండి.